దించని గంప

పోయిన నెల కల్వకుర్తి చౌరస్తాలో మా బస్సు గంటన్నర ఆగిపోయింది. రాస్తారోకో. కరెంటు కోసమని ఒకరు, నీళ్ళ కోసమని ఒకరు అన్నారు. నా పక్క సీటాయన దవాఖానకు పోవలసినవాడు. రోడ్డు మీద కూర్చున్నవాళ్ళను ఏడు తరాల దాకా తిడుతున్నాడు. నేను తిట్టలేదు. తిట్టే హక్కు నాకు లేదు. ఒకప్పుడు బాటకు అడ్డం కూర్చున్న పక్షం నాది.

కిటికీలోంచి చూస్తుంటే టమాటాల గంప నెత్తిన పెట్టుకొని ఒకామె వచ్చింది. మెడలో కండువా, చేతిలో విజిల్ ఉన్న ఒకతను ఆమెకు అడ్డం నిలబడి, "దించి కూసో అమ్మా, జరసేపైనంక పోదువు" అన్నాడు. నాకు ఫక్కున నవ్వొచ్చింది. పక్క సీటాయన నన్ను కూడా తిట్టబోయి, తెల్లజుట్టు చూసి ఊరుకున్నాడు. ఆ మాట నాది. ఎన్నో ఏళ్ళ కింద, పోలీసు యాక్షన్‌కు ముందు ఏడాది, మా ఊరి బజారులో, మెడలో అట్లాంటి విజిలే వేసుకొని నేను ఒక కుమ్మరామెతో అన్న మాట.

ఆమె పోయి చాలా కాలమైంది. ఊళ్ళో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలిచినట్టు గుర్తు లేదు. పెద్దవాళ్ళకు కుండలామె, మాకు కుండల పెద్దమ్మ. పేరు కనుక్కొని రాయవచ్చు గానీ, ఇన్నాళ్ళూ లేని మర్యాద ఇప్పుడెందుకని రాయడం లేదు.

మనిషి పొట్టి. నెత్తిన గంప పెట్టుకుంటే మాత్రం ఊళ్ళో అందరికన్నా ఎత్తు. గంపలో గురుగులు, పటువలు, పైన రెండు నీళ్ళ రంజన్లు, సందుల్లో గడ్డి కుక్కి, మొత్తం ఇరవై కుండల బరువు. గంపకింద పాత చీర ముక్క చుట్టిన సుట్టబట్ట. ఆ బరువుతో మెడ తిరగదు. అందుకని ఎవరితో మాట్లాడినా ఎదురుగా చూస్తూనే మాట్లాడేది. పోట్లాడినా అంతే. తిట్లు తినేవాడు పక్కన నిలబడి ఉండేవాడు, ఆమె చూపు మాత్రం దూరంగా ఏ గుట్ట మీదనో ఉండేది. తిట్టు తనకేనా అని వాడికి అనుమానం వచ్చేది కూడా.

కుండల గంపను నేల మీది నుంచి ఎవరూ తమంతట తాము నెత్తికెత్తుకోలేరు. ఇంకో మనిషి చెయ్యి కావాలి. మా దిక్కు అడిగితే ఎవరైనా చెయ్యి వేయవలసిందే, ఏ పనిలో ఉన్నా సరే. ఆమె ఎంచి అడిగేది కాదు, కంటబడ్డవాణ్ణి అడిగేది. ఒకసారి పట్వారీ ఎదురుపడితే, "ఆ దస్త్రం జర కింద వెట్టి ఓ చెయ్యెయ్యి పంతులూ" అన్నది. ఊరందరి భూములూ ఉన్న ఆ దస్త్రాన్ని పట్వారీ చంకలోంచి తీసి రాతి మీద పెట్టి, గంప ఎత్తి, చేతులు దులుపుకొని పోయాడు. అది మా అందరికీ వారం రోజుల ముచ్చట.

అమ్మే ముందు ప్రతి కుండనూ వేలి కణుపుతో కొట్టి వినిపించేది. ఖంగున పలికితే ఇచ్చేది, బొంగురు పోతే పక్కన పెట్టేది. మనుషుల మాటలకు కూడా ఈ పరీక్ష ఉండేది. ఎవరన్నా గొప్పలు పోతుంటే ఏమీ అనకుండా, దగ్గరున్న కుండను రెండుసార్లు కొట్టి ఊరుకొనేది. సంఘంలో చేరిన కొత్తలో నా ఉపన్యాసాలకు ఆ దెబ్బలు చాలా పడ్డాయి.

మా ఊరు మర్రిగూడ దిక్కు మెట్ట ఊరు. నడుమ ఒకటే బజారు. దానికి ఒక పక్క దొర గడీ గోడ, ఇంకో పక్క బండల గుట్ట. వారం అంగడికి పోవాలన్నా, మంచినీళ్ళ బాయికి పోవాలన్నా, చేనుకు పోవాలన్నా ఆ గోడ వెంటే పోవాలి. గడీ దర్వాజ ముందు నుంచి పోయేటప్పుడు కాళ్ళకు చెప్పులుండొద్దు, గొడుగు విప్పి ఉండొద్దు, నెత్తిన బరువుండొద్దు. మొదటి రెండూ అంతటా ఉన్నవే. మూడోది మా దొర సొంత తెలివి. నెత్తిన బరువుంటే తల వంగదు. తల వంగకపోతే అది దండం కాదని ఆయన లెక్క. కనుక దర్వాజకు ఇవతలే దించాలి, బరువును చేతుల్లో పట్టుకొని వంగి దాటాలి, గోడ అయిపోయిన తర్వాత మళ్ళీ నెత్తికెత్తుకోవాలి.

కట్టెలమోపు ఉన్నవాళ్ళు ఈడ్చుకుపోయేవాళ్ళు. గడ్డి వాళ్ళు చంకన ఇరికించుకొనేవాళ్ళు. ఈమెకు ఇరవై కుండలు, ఉన్నవి రెండు చేతులు. పదిసార్లు వంగి పోవాలి, మధ్యలో తొమ్మిదిసార్లు ఒట్టి చేతులతో వంగి తిరిగి రావాలి. ఆఖరుకు అవతల గడ్డి పరిచి మళ్ళీ పేర్చుకోవాలి. అక్కడ ఎవరినీ చెయ్యి అడగడానికి లేదు, గడీ కళ్ళెదుట బరువెత్తిన వాడికీ శిక్షే. గంపను బండ మీదనే పేర్చి, తాను కింద గొంతుక్కూర్చొని, తల దూర్చి లేచేది. అంగడికి చేరేసరికి మంచి జాగాలన్నీ అయిపోయేవి. ప్రతి వారం ఒకటో రెండో పగిలేవి. ఇంటాయనకు దగ్గు, సారె తిప్పిన రోజు తిప్పినట్టు, లేని రోజు లేనట్టు. ఇంట్లో ఆరు నోళ్ళు, కుండలకు బదులు వచ్చే జొన్నలే వాళ్ళ తిండి.

ఇక మా సంఘం సంగతి. వెట్టి బంద్ కావాలని, గడీ ముందు దండాలు బంద్ కావాలని జులూసులు మొదలుపెట్టాం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళైనవాణ్ణి, సేద్యం చేసుకునేవాణ్ణి. జులూసును వరసలో నడిపే పని నాది. జులూసు ఎప్పుడూ అంగడి పొద్దుననే. చుట్టుపక్కల ఊళ్ళ జనం ఆ రోజే మా బజారు మీదుగా పోతారు కదా. జెండా పట్టుకొని వచ్చి గడీ ముందు కూలబడితే ఎండ నడినెత్తికి వచ్చేదాకా లేచేవాళ్ళం కాదు. గొర్లకాపరులు మందలు ఆపుకొని తిప్పలు పడేవాళ్ళు. నీళ్ళ కుండలతో ఆడవాళ్ళు గుట్టెక్కి దిగేవాళ్ళు. బాలింతకు మందు తేబోయిన ఒకాయన మా కాళ్ళు తొక్కుకుంటూ, తిట్టుకుంటూ పోయాడు. పెద్ద పనికి చిన్న ఇబ్బందులు తప్పవని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఆ వాక్యం ఎక్కడో విన్నాను, బాగుందని దగ్గర పెట్టుకున్నాను.

మూడు వారాలు ఆమెకు అంగడి తప్పింది. నాలుగో వారం మేం కూర్చోగానే వచ్చి నా ముందు ఆగింది.

"తొవ్వియ్యి కొడుకా." మెడ తిప్పలేదు కనుక ఆ మాట జెండాకు చెప్పినట్టుంది.

"దించి కూసో పెద్దమ్మా, జరసేపైనంక పోదువు."

"నీ జరసేపు మూడు వారాలాయె. ఇంట్ల జొన్నలు అయిపోయినయి. మీ లొల్లి ఒడిసేదాక ఉంటె అంగడిల కుక్కలు దప్ప ఎవరుంటరు?"

"గిదంత నీ కోసమే పెద్దమ్మా. గడీ కాడ దించుడు బందయితె సుకపడేది నువ్వే గద."

"నా కోసమైతె నన్నొక్కపారన్న అడిగినవా?"

ఏం చేయాలో తెలియక విజిల్ ఊదాను. ఆ తెలివితక్కువతనానికి ఇప్పటికీ సిగ్గే.

ఆమె గంప దించలేదు. దించితే మళ్ళీ ఎత్తడానికి అక్కడ కావలసినన్ని చేతులున్నాయి. కానీ దించితే నా మాట విన్నట్టవుతుంది. అట్లాగే నిలబడింది. మా నాయకుడు మాట్లాడుతున్నాడు. కష్టజీవులు మోసే బరువు గురించి చెప్పే చోటికి వచ్చేసరికి ఆయన మాట తడబడింది. ఎదురుగా నిజం బరువు నిలబడి చూస్తుంటే ఉపన్యాసం సాగలేదు. ముందు ఒక గొర్లకాపరి మోకాళ్ళు పక్కకు జరుపుకున్నాడు. అతన్ని చూసి వెనకాయన, ఆయన్ని చూసి ఇంకొకరు. కాసేపట్లో జనం మధ్య మూరెడు వెడల్పు తొవ్వ పడింది. ఆమె అందులో అడుగు పెట్టింది.

ఆ తొవ్వ ఎక్కడికి పోతుందో మాలో ఎవరూ ఆలోచించలేదు. నేరుగా గడీ దర్వాజ ముందుకు పోయింది. దొర పైన అరుగు మీద కుర్చీలో కూర్చొని ఉన్నాడు. దర్వాజ దగ్గర కట్టె పట్టుకున్న జమాదారు ఆమెను చూసి, "ఏయ్, దించు" అని గద్దించాడు.

ఆమె ఆగింది. "ఎక్కడ దించాలె? జాగ సూపియ్యి" అన్నది.

అది ధిక్కారం కాదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. నిజంగానే అడిగింది. ముందు మనుషులు, వెనక మనుషులు, రెండు పక్కలా మోకాళ్ళు. ఇరవై కుండలు కాదు, ఒక చెంబు పెట్టడానికి చోటు లేదు. విచిత్రమేమంటే జమాదారు కూడా నిజంగానే వెతికాడు. కట్టెతో అటు చూపించబోయాడు, ఇటు చూపించబోయాడు, చివరికి దొర దిక్కు చూశాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు కూర్చున్నవాళ్ళందరికీ అంటుకున్నది. అన్ని వారాలు మేం గొంతు చించుకొని నినాదాలిచ్చినా కదలని దొర, ఆ నవ్వుకు కుర్చీలోంచి లేచి లోపలికి పోయాడు. ఆమె అప్పటికే దర్వాజ దాటింది, దించకుండా, మెడ వంచకుండా. మా ఊళ్ళో అట్లా దాటిన మొదటి మనిషి ఆమె.

సాయంత్రం ఒట్టి గంపలో జొన్నల మూట పెట్టుకొని వస్తుంటే ఎదురుపోయాను. "గెలిసినవ్ పెద్దమ్మా" అన్నాను.

"గెలుసుడేంది? పొద్దుగాల పోయిన, మంచి జాగ దొరికింది. ఒక్కటి గూడ పలగలే" అన్నది. కాస్త దూరం పోయి ఆగి, ఈసారి గంపలో బరువు లేదు కనుక మెడ తిప్పి చూసి, "ఇగ ఎన్నడు దించ" అన్నది.

ఆ తర్వాత మేం తీసిన జులూసులన్నిటికీ ఒక కట్టడి పెట్టుకున్నాం. ఎంత జనం కూర్చున్నా నెత్తిన బరువున్నవాళ్ళకు మూరెడు తొవ్వ విడవాలి. పెట్టింది మేమే గానీ, పెట్టించింది ఆమె.

పోలీసు యాక్షన్ అయినాక దొర పట్నం పోయాడు. గడీ దర్వాజకు తాళం పడింది. మా వాళ్ళు బుక్కగులాలు చల్లుకొని, డప్పులు కొట్టుకొని ఆ గోడ ముందు పొద్దంతా ఎగిరారు. నేనూ ఎగిరాను. గెలిచిన రోజు ఏదంటే ఊరంతా ఇప్పటికీ ఆ రోజే చెబుతుంది. నా లెక్క వేరు. నాకు మాత్రం గడీ అంతకు చాలా ముందే కూలింది, ఆమె నవ్వించిన మరుసటి వారమే.

ఆ వారంలో పోలీసు అమీను బలగంతో వచ్చి గడీలో దిగాడు. జులూసులు బంద్ అని డప్పు వేయించారు. మా నాయకుణ్ణీ, ఇంకొకతన్నీ పట్టుకుపోయారు. గడీ నుంచి కుమ్మరింటికి కబురు పోయింది: ఈ అంగడికి పోయేటప్పుడు దర్వాజ ముందు దించాలి, దించకపోతే గంపలో కుండలే కాదు, కుండలు కాల్చే ఆవం కూడా పగలగొడతారని. ఆవం పోతే ఆ ఇంటికి మళ్ళీ లేచే తోవ లేదు. అంగడి ముందు రోజు మధ్యాహ్నం నేను వాళ్ళింటికి పోయాను. ఆమె కుండల మధ్య గడ్డి కుక్కుతున్నది.

"ఈ వారం పోకు పెద్దమ్మా. జులూసు లేదు, నీ ఎనక ఎవరుండరు" అన్నాను.

"మీరు నా ముంగట కూసునేటోళ్ళు గని, నా ఎనక ఎప్పుడున్నరు కొడుకా?"

"పోనీ, ఈ ఒక్క వారం దించు. ఏమైతది?"

కుండను రెండుసార్లు కొట్టింది. మాట్లాడదనుకున్నాను గానీ, ఆ రోజు మాట్లాడింది. "పోయిన వారం దించలే. ఈ వారం దించితె పోయిన వారం నేను చేసింది తప్పని ఒప్పుకున్నట్టె. తప్పైతె గాదు." ఆ మాట అని బిందె తీసుకొని బాయికి పోయింది. అక్కడ ఆడవాళ్ళతో ఆమె పెద్దగా ఏమీ చెప్పలేదట. "రేపు నేను పొయ్యేయాళ్ళకే మీరు గూడ మీ పనులకు ఎల్లుండ్రి" అన్నదట, అంతే.

తెల్లవారి గుట్ట పక్కన నిలబడి చూస్తున్నాను. ఆమె గంపతో వచ్చింది. వెనక ఇద్దరు కోడళ్ళు చెరో రంజన్ నెత్తిన పెట్టుకొని. వాళ్ళ వెనక నీళ్ళ కుండలు, గడ్డిమోపులు, పిడకల తట్టలు, కట్టెలు, గొర్లవాళ్ళ ఇంటామె పాలకుండ. గడీలోకే నీళ్ళు మోసే మనిషి కూడా వరసలో ఉంది. జెండా లేదు, నినాదం లేదు, విజిల్ లేదు. రోజూ పోయే పనికే పోతున్నారు, కాకపోతే అందరూ ఒక్కసారే పోతున్నారు.

నా ముందుకు వచ్చేసరికి ఆమె ఆగింది. చూపు ఎదురుగానే ఉంది. "చేతులూపుకుంట నిలవడ్డవేంది కొడుకా? నీకేం పని లేదా?" అన్నది. తర్వాత వెనకున్న కోడలితో, "ఆ రంజన్ వానికియ్యి" అన్నది.

మా దిక్కు మొగవాళ్ళు భుజాన మోస్తారు, కావడి మోస్తారు. నెత్తిన కుండ పెట్టుకుంటే నవ్వుతారు. నేను కండువా తీసి సుట్టబట్ట చుట్టుకున్నాను. రంజన్ ఎత్తుకొని వరసలో నిలబడ్డాను.

ఇక్కడ ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. జులూసులో గడీ ముందు అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. ఒంటరిగా పోవలసిన రోజున చెప్పులు చేతబట్టుకొని, తల వంచుకొని ఆ దర్వాజ దాటిందీ నేనే. భయమని కూడా అనను. చిన్నప్పటి నుంచి మా నాయిన మెడ అక్కడ వంగడం చూసి నా మెడ నేర్చుకున్నది. ఎన్ని నినాదాలిచ్చినా అది మరిచిపోలేదు.

దర్వాజ ముందు అమీను చెయ్యెత్తి ఆపాడు. "గిదేం జులూసు? బంద్ అని సాటింపు ఇనలేదా?"

"జులూసు గాదు సారూ. అంగడికి పోతున్న" అన్నది ఆమె.

"ఎనక గీళ్ళంత ఎవరు?"

"నా మెడ తిరుగది సారూ. మీరే అడుగుండ్రి."

అమీను వరస వెంట అడుగుతూ వచ్చాడు. గడ్డి అమ్మబోతున్న అన్నది ఒకామె. చేనుకు పెంట అన్నది ఇంకొకామె. గడీ నీళ్ళ మనిషి, "లోపటికే సారూ, దొరసాని తానానికి" అన్నది. నన్ను చూసి ఆయన ఒక్క క్షణం ఆగాడు. నెత్తిన రంజన్ ఉన్న మొగవాణ్ణి ఏమనడగాలో తోచలేదేమో, ముందుకు పోయాడు.

జమాదారుకు ఓపిక పోయింది. "అందరు దించుండ్రి" అని అరిచాడు.

"దించుదుమా సారూ?" అని ఆమె అమీనునే అడిగింది.

అమీను బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. అన్ని కుండలు, మోపులు, తట్టలు ఆ ఇరుకు బజారులో దిగితే బండి కాదు, మేక కూడా కదలదు. తాను వచ్చిందే బజారుకు అడ్డం పడకుండా చూడడానికి. జమాదారు దిక్కు మండిపడి చూసి, మా దిక్కు తిరిగి, "దించకుండ్రి. పోండ్రి, పోండ్రి, తొవ్వ ఖాళీ చెయ్యుండ్రి" అని కసిరాడు.

గడీ ముందు దించొద్దని సర్కారు మనిషే హుకుం చేశాడు. ఆమె నడిచింది. వెనక అందరూ నడిచారు. ఒక్కొక్కరే దర్వాజ దాటుతున్నారు, ఒక్కొక్కరి మెడా నిటారుగా ఉంది. ఆ ఆడవాళ్ళలో కొందరు పెళ్ళై ఈ ఊరికి వచ్చిన నాటి నుంచి ఆ దర్వాజ పైభాగం ఎట్లా ఉంటుందో చూసి ఉండరు. తల ఎత్తితే కదా కనబడేది.

నా వంతు వచ్చింది. అరుగు మీద దొర ఉన్నాడు. అలవాటు కొద్దీ నా మెడ వంగబోయింది. నెత్తిన రంజన్ ఊగింది. వెనకామె "అయ్యో, పైలం" అన్నది. కుండ పడుతుందన్న భయంతో మెడ నిలబెట్టాను. నా ధైర్యం కాదు, ఆ రంజన్ నన్ను వంగనియ్యలేదు. అప్పుడు మొదటిసారి దొర ముఖంలోకి సూటిగా చూశాను. నేననుకున్నదానికన్నా ముసలివాడు. కళ్ళు ఆయనే దించుకున్నాడు.

గోడ అయిపోయింది. ఎవరి పనికి వాళ్ళు చీలిపోయారు. ముందు నుంచి ఆమె గొంతు వినబడింది. "ఇగ దించు కొడుకా, కోడలందుకుంటది."

దించలేదు. అంగడి ఇంకా రెండు కోసులుంది. అంత దూరమూ నేనే మోశాను.